సహాయక సంతానోత్పత్తి చట్టాల్లో దాతల వైద్య పరీక్షలు, శిశువు హక్కులు: బహ్రెయిన్, తెలుగు రాష్ట్రాలు

భార్యాభర్తల్లో ఒకరి వీర్యకణాలు గానీ అండాలు గానీ గర్భధారణకు పనికిరానప్పుడు మూడో వ్యక్తి ఇచ్చిన బీజకణంతో బిడ్డను కనే పద్ధతిని దాత సహాయంతో సంతానోత్పత్తి అంటారు. బీజకణం ఇచ్చే వ్యక్తి దాత. ఆ దాతను ఎవరు, ఏయే రోగాలకు, ఎన్నిసార్లు పరీక్షించాలి అన్నది ఈ రంగంలోని చట్టాలకు మొదటి ప్రశ్న. పుట్టిన బిడ్డకు తల్లిదండ్రులు ఎవరు, ఆ బిడ్డ తన పుట్టుక గురించి ఎంతవరకు తెలుసుకోవచ్చు అన్నది రెండో ప్రశ్న. చాలా దేశాల చట్టాలు మొదటిదానికి వివరంగానూ రెండోదానికి క్లుప్తంగానూ జవాబిచ్చాయి. బహ్రెయిన్ చట్టం దాతనే తొలగించి రెండు ప్రశ్నలూ రాకుండా చూసింది. భారత చట్టం దాతను అనుమతించి కట్టుదిట్టమైన షరతులు పెట్టింది. బహ్రెయిన్‌లోని మీనా సల్మాన్ రేవు ప్రాంతంలో ఉద్యోగం చేస్తూ వైద్యానికి హైదరాబాద్ వచ్చే తెలుగు దంపతులకు ఈ రెండు చట్టాలతోనూ పని పడుతుంది.

చరిత్ర

సంతానం లేని దంపతులకు మూడో వ్యక్తి ద్వారా బిడ్డను కనే ఏర్పాటు సామాజికంగా చాలా పాతది. మహాభారతంలో ధృతరాష్ట్రుడు, పాండురాజు వ్యాసుడి వల్ల నియోగ పద్ధతిలో పుట్టినవారు. ధర్మశాస్త్రాలు చెప్పిన పన్నెండు రకాల పుత్రుల్లో క్షేత్రజుడు ఒకడు. బీజం ఎవరిదైనా బిడ్డ ఆ స్త్రీ భర్తకే చెందుతాడన్నది అందులోని సూత్రం. 2021 నాటి భారత చట్టంలోని 31వ సెక్షన్ చెప్పేది ఇంచుమించు ఇదే. ఇస్లామిక్ న్యాయం ఇందుకు భిన్నంగా నసబ్‌కు, అంటే రక్తసంబంధమైన వంశక్రమానికి, పెద్దపీట వేస్తుంది. గల్ఫ్ చట్టాల తీరుకు మూలం అక్కడుంది.

ఆధునిక వైద్యంలో దాత వీర్యం వాడిన తొలి సందర్భంగా 1884లో ఫిలడెల్ఫియాలో విలియం పాన్‌కోస్ట్ చేసిన ప్రయోగాన్ని చెబుతారు. ఈ సంగతి 1909లో గానీ బయటకు రాలేదు. శీతలీకరించిన వీర్యంతో గర్భధారణ సాధ్యమని 1953లో అమెరికాలో తేలింది. తొలి టెస్ట్ ట్యూబ్ శిశువు 1978 జూలై 25న ఇంగ్లండ్‌లో పుట్టింది. అదే ఏడాది అక్టోబర్ 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో భారతదేశంలో తొలి శిశువు పుట్టింది. అప్పటి ప్రభుత్వ కమిటీ ఆయన్ను నమ్మలేదు. 1986 ఆగస్టు 6న ముంబైలో డాక్టర్ ఇందిరా హిందుజా బృందం సాధించినదాన్నే చాలాకాలం తొలి విజయంగా లెక్కించారు.

దాత పరీక్షలకు ఇప్పుడున్న రూపం ఎయిడ్స్ భయం నుంచి వచ్చింది. దాత వీర్యం ద్వారా నలుగురు మహిళలకు హెచ్‌ఐవీ సోకిన ఉదంతం ఆస్ట్రేలియా నుంచి 1985లో వైద్య పత్రికకు ఎక్కింది. అంతవరకు చాలాచోట్ల తాజా వీర్యమే వాడేవారు. ఆ తర్వాత వీర్యాన్ని గడ్డకట్టించి కొన్నాళ్లు ఆపి, దాతను మళ్లీ పరీక్షించాకే వాడాలన్న నియమం క్రమంగా స్థిరపడింది.

భారతదేశంలో తొలి మార్గదర్శకాలను భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2005లో విడుదల చేసింది. వాటికి చట్టబలం లేదు. 2008లో జపాన్ దంపతుల కోసం సరోగసీ (అద్దె గర్భం) ద్వారా పుట్టిన పాప విషయంలో, దంపతులు విడిపోవడంతో, పాప ఎవరి సంరక్షణలో ఉండాలన్న ప్రశ్న సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2009 ఆగస్టులో లా కమిషన్ తన 228వ నివేదికలో ప్రత్యేక చట్టం కావాలంది. ముసాయిదాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చట్టం వచ్చేసరికి 2021 డిసెంబర్ అయింది.

దాతకు చేసే పరీక్షలు

వీర్యదాత విషయంలో బ్యాంకు మొదట చూసేది వీర్య నాణ్యత. రెండు నుంచి ఏడు రోజుల సంయమం తర్వాత ఇచ్చిన నమూనాను ఒక అరగంట పాటు కరగనిచ్చి సూక్ష్మదర్శిని కింద లెక్కిస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నాటి ఆరో సంచిక ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల వీర్యకణాలు కింది హద్దు. గడ్డకట్టించి కరిగించినప్పుడు కొంత నష్టం తప్పదు కాబట్టి దాత నమూనాలో అంతకు చాలా ఎక్కువ ఉండాలని బ్యాంకులు చూస్తాయి. పనికొచ్చే నమూనాను చిన్న సీసాల్లో నింపి, పేరు లేకుండా కోడ్ నంబరు మాత్రం వేసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు.

అదే రోజు దాత రక్తం తీస్తారు. భారత నిబంధనల్లో పేర్కొన్న అంటువ్యాధులు హెచ్‌ఐవీ 1, 2 రకాలు, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్. చివరిదానికి వీడీఆర్‌ఎల్ పరీక్ష చేస్తారు. ఇక్కడ ఒక చిక్కుంది. ఇన్ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో, విండో పీరియడ్ అనే ఆ వ్యవధిలో, యాంటీబాడీ పరీక్షకు అది చిక్కదు. అందుకే ఐసీఎంఆర్ 2005 మార్గదర్శకాలు వీర్యాన్ని కనీసం ఆరు నెలలు నిల్వ ఉంచి, దాతను తిరిగి పిలిచి, రెండోసారి పరీక్షించాక వాడమన్నాయి. దాత తిరిగి రాకపోతే ఆ సీసాలు వాడకానికి పనికిరావు. బ్యాంకు రిజిస్టరులో దాత ఫోను నంబరుకు, అడ్రసుకు అంత విలువ రావడానికి ఇదే కారణం. వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా పట్టే న్యాట్ పరీక్ష వచ్చాక విండో పీరియడ్ బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

అమెరికాలో 2005 మే 25 నుంచి అమల్లో ఉన్న సమాఖ్య నిబంధనలు వీర్యదాత రక్తాన్ని దానానికి ఏడు రోజుల లోపల, అండదాత రక్తాన్ని 30 రోజుల లోపల పరీక్షించాలంటాయి. అజ్ఞాత వీర్యదాతకు ఆరు నెలల తర్వాత మరో పరీక్ష తప్పనిసరి. ఐరోపా సమాఖ్య 2006 ఆదేశం 180 రోజుల నిల్వను లేదా న్యాట్ పరీక్షను కోరింది. దాని స్థానంలో వచ్చిన కొత్త నియమావళి 2027 ఆగస్టు 7 నుంచి అమలవుతుంది.

వంశపారంపర్య వ్యాధులు

అంటువ్యాధి పరీక్ష ప్రధానంగా కాపాడేది బీజకణం స్వీకరించే స్త్రీని. జన్యు పరీక్ష కాపాడేది బిడ్డను. చట్టాలు ఈ రెండింటికీ సమానమైన బరువు ఇవ్వలేదు. భారత చట్టం 27వ సెక్షన్‌లో దాతకు అంటువ్యాధుల పరీక్ష చేయాలని రాశారు. రక్తపోటు, మధుమేహంతో పాటు తలసీమియా వంటి సాధారణ జన్యు వ్యాధులూ దాతకు ఉండకూడదని ఇంకాస్త విస్తృతంగా చెప్పింది చట్టబలం లేని 2005 మార్గదర్శకాలే.

సికిల్ సెల్, తలసీమియా వంటి వ్యాధులు తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ దోషపు జన్యువు వచ్చినప్పుడే బయటపడతాయి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. వాహకుడికి సాధారణంగా ఏ లక్షణాలూ ఉండవు కాబట్టి దాత ఆరోగ్యంగా కనిపించడం దేనికీ రుజువు కాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆదిలాబాద్ ప్రాంతపు గిరిజనుల్లో సికిల్ సెల్ ఎక్కువ. కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. మేనరికాలు సాగుతున్న కుటుంబాల్లో ఒకే దోషపు జన్యువు భార్యాభర్తలిద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. బయటి దాత వస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది గానీ, దాతనూ పరీక్షించినప్పుడే.

ఎంత పరీక్షించినా చిక్కనివి ఉంటాయి. క్యాన్సర్ ముప్పు పెంచే టీపీ53 జన్యు మార్పు ఒక డెన్మార్క్ వీర్యబ్యాంకు దాత వీర్యకణాల్లో కొన్నింటిలో మాత్రమే ఉండింది. దాత ఆరోగ్యవంతుడు. అప్పటి పరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదు. అతని ద్వారా ఎనిమిది దేశాల్లో కనీసం 67 మంది పిల్లలు పుట్టారని, వారిలో 10 మందికి క్యాన్సర్ వచ్చిందని 2025 మేలో మిలాన్‌లో జరిగిన జన్యుశాస్త్ర సదస్సులో వెల్లడైంది. దాత పరీక్ష దానం రోజుతో ముగిసే పని కాదని ఈ ఉదంతం చూపుతుంది. ఒక బిడ్డలో వ్యాధి బయటపడితే ఆ కబురు మిగిలిన కుటుంబాలకు చేరడానికి, ఏ సీసా ఎవరికి వెళ్లిందో తెలిపే రికార్డు తప్ప మరో దారి లేదు. (చూడండి: శిశువు హక్కులు)

అండదాత

అండదాత పరీక్షలో రక్తపరీక్షలతో పాటు అండాశయ నిల్వ అంచనా ఉంటుంది. ఏఎంహెచ్ హార్మోన్ స్థాయి, స్కాన్‌లో కనిపించే చిన్న ఫాలికిల్స్ సంఖ్య చూస్తారు. తర్వాత పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు, రోజు విడిచి రోజు స్కాన్లు. చివరి ఇంజెక్షన్ ఇచ్చిన 34 నుంచి 36 గంటలకు మత్తు ఇచ్చి యోనిమార్గం గుండా సూదితో అండాలు తీస్తారు. అండాశయాలు అతిగా స్పందించి ఉబ్బడం, పొట్టలో నీరు చేరడం ఇందులో తెలిసిన ప్రమాదాలు. ఇది వీర్యదానంతో పోల్చదగిన పని కాదు. చట్టం రెండింటినీ వేరుగా చూడటం అందుకే.

బహ్రెయిన్ చట్టం

బహ్రెయిన్‌లో ఈ రంగాన్ని నియంత్రించేది 2017 నాటి 26వ నంబరు చట్టం. చికిత్స వివాహబంధంలో ఉన్న భార్యాభర్తలకే. వీర్యం, అండం, గర్భాశయం మూడూ ఆ ఇద్దరివే కావాలి. దాత వీర్యానికి, దాత అండానికి, సరోగసీకి తావు లేదు. వైద్య కేంద్రాలకు అనుమతులిచ్చి పర్యవేక్షించేది 2009 నాటి 38వ నంబరు చట్టంతో ఏర్పడిన జాతీయ ఆరోగ్య నియంత్రణ సంస్థ.

ఈ వైఖరికి మూలం 1980 మార్చి 23న కైరోలోని అల్ అజ్‌హర్ నుంచి వచ్చిన ఫత్వా. భార్యాభర్తల బీజకణాలతో, వివాహం కొనసాగుతున్నంత కాలం టెస్ట్ ట్యూబ్ పద్ధతి చెల్లుతుందని, మూడో వ్యక్తి ప్రమేయం చెల్లదని అది తేల్చింది. సున్నీ ప్రపంచం దాదాపు అంతా దీన్నే అనుసరించింది. షియా పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. 1999లో ఇరాన్ అగ్రనేత ఖమేనీ షరతులతో దాతను అనుమతించారు. 2003లో ఇరాన్ పిండదాన చట్టం చేసింది. బహ్రెయిన్‌లో షియా జనాభా గణనీయంగా ఉన్నా అక్కడి వైద్య చట్టం అందరికీ ఒకటే. ఆ దేశంలో నివసించే ముస్లిమేతరులకూ అదే వర్తిస్తుంది.

దాత లేడు కాబట్టి దాత పరీక్షా లేదు. కానీ వంశపారంపర్య వ్యాధుల పరీక్ష విషయంలో బహ్రెయిన్ చాలా దేశాలకంటే ముందుంది. అక్కడ ఆ పరీక్ష చేయించుకునేది పెళ్లి చేసుకోబోయే ఇద్దరూ. 2004 నాటి 11వ నంబరు చట్టం పెళ్లికి ముందు వైద్య పరీక్షను తప్పనిసరి చేసింది. సికిల్ సెల్, తలసీమియా అక్కడ ఎక్కువగా ఉండటం కారణం. సల్మానియా వైద్య సముదాయంలోని జన్యు విభాగం, ముఖ్యంగా డాక్టర్ షేఖా అల్ అర్రాయెద్, దీనికి ఏళ్ల తరబడి పునాది వేశారు. ఫలితం ఏదైనా పెళ్లిని చట్టం ఆపదు. సలహా ఇచ్చి నిర్ణయం ఇద్దరికే వదిలేస్తుంది. పుట్టే పిల్లల్లో సికిల్ సెల్ వ్యాధి గణనీయంగా తగ్గింది. పిల్లల ఆరోగ్యాన్ని పుట్టకముందే చట్టంతో కాపాడటంలో ఇది గట్టి ఉదాహరణ. భారతదేశంలో పెళ్లికి ముందు ఇలాంటి పరీక్ష దేశవ్యాప్త చట్టంగా లేదు.

శిశువు విషయంలో బహ్రెయిన్ 1992 ఫిబ్రవరి 13న ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో చేరింది. 2012లో 37వ నంబరు బాలల చట్టం చేసింది. బీజం, గర్భం, వివాహం మూడూ ఒకే ఇద్దరివి కావడంతో సహాయక పద్ధతిలో పుట్టిన బిడ్డకూ మామూలుగా పుట్టిన బిడ్డకూ చట్టపరంగా తేడా రాదు.

మీనా సల్మాన్ పరిసరాల తెలుగువారు

మీనా సల్మాన్ మనామా నగరపు రేవు. 1962లో ప్రారంభమైంది. 2009లో ప్రధాన సరుకు రవాణా హిద్ద్‌లోని ఖలీఫా బిన్ సల్మాన్ రేవుకు మారాక ఇక్కడ గోదాములు, ఓడల మరమ్మతు పనులు, చుట్టూ పారిశ్రామిక వాడ మిగిలాయి. పక్కనే జుఫైర్ నివాస ప్రాంతం, నౌకాదళ స్థావరాలు ఉన్నాయి. గోదావరి జిల్లాలు, కడప, ఉత్తర తెలంగాణ జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో కొందరు ఇలాంటి చోట్ల పనిచేస్తారు. వీరిలో చాలామందికి భార్య ఊళ్లోనే ఉంటుంది. కుటుంబ వీసాకు నిర్ణీత జీతం కావాలి.

భారత చట్టం సంతానలేమిని ఏడాదిపాటు సహజ ప్రయత్నం చేసినా గర్భం రాకపోవడం, లేదా రుజువైన వైద్య కారణం ఉండటం అని నిర్వచించింది. రెండేళ్లకోసారి నెల, నెలన్నర సెలవుపై వచ్చే భర్తకు ఈ ఏడాది లెక్క సరిపోదు. పెళ్లయి అయిదేళ్లయినా కలిసి ఉన్నది కొన్ని నెలలే. ఇలాంటి జంటల విషయంలో డాక్టర్లు క్యాలెండర్‌ను పక్కనబెట్టి పరీక్షలనే ఆధారం చేసుకోవాల్సి వస్తుంది. సెలవు రోజుల్లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వీర్యాన్ని నిల్వ చేయించి, భార్య చికిత్సకు సిద్ధమయ్యాక వాడుకోవడం ఒక మార్గం. ఇది సొంత బీజకణమే కాబట్టి దాత నిబంధనలు వర్తించవు. రాతపూర్వక సమ్మతి మాత్రం తప్పదు. నిల్వ ఉంచిన వ్యక్తి చనిపోతే, లేదా నిర్ణయం చెప్పలేని స్థితికి వస్తే ఏం చేయాలో సమ్మతి పత్రంలో ముందే రాయాలి. పిండాన్ని భారతదేశం నుంచి బహ్రెయిన్‌కు తీసుకెళ్లాలంటే 29వ సెక్షన్ ప్రకారం జాతీయ బోర్డు అనుమతి కావాలి. అదీ సొంత అవసరానికి, సొంత బీజకణాలైతేనే.

భారత చట్టం, 2021

సహాయక పునరుత్పత్తి సాంకేతికత (నియంత్రణ) చట్టం 2021 నాటి 42వ చట్టం. సరోగసీ చట్టం అదే ఏడాది 47వది. రెండూ 2022 జనవరి 25న అమల్లోకి వచ్చాయి. మొదటిదానికి నిబంధనలు 2022 జూన్ 7న వెలువడ్డాయి. జాతీయ, రాష్ట్ర బోర్డులు, రిజిస్ట్రీ, కేంద్రాలకు తప్పనిసరి రిజిస్ట్రేషన్ మొదటి చట్టంలో ముఖ్యమైనవి. చికిత్స పొందే స్త్రీకి 21 దాటి 50 లోపు, పురుషుడికి 21 దాటి 55 లోపు వయసుండాలి. ఒంటరి మహిళకూ అర్హత ఉంది.

దాతను పరీక్షించడం, వీర్యం సేకరించి నిల్వ చేయడం, అండదాతను సమకూర్చడం రిజిస్టరైన బ్యాంకే చేయాలి. చికిత్స చేసే కేంద్రం నేరుగా దాతను తెచ్చుకోకూడదు. పరీక్షించే చేయి, లాభపడే చేయి వేరుగా ఉండాలన్నది ఇందులోని ఉద్దేశం. వీర్యదాతకు 21 నుంచి 55, అండదాతకు 23 నుంచి 35 ఏళ్ల వయసుండాలి. దాత పేరు, ఆధార్ నంబరు, చిరునామా బ్యాంకు నమోదు చేయాలి. ఒక దాత బీజకణాలను ఒక్క జంటకు మించి ఇవ్వకూడదు. దాత బీజకణాల నిల్వ పదేళ్లకు మించరాదు. బ్యాంకు ద్వారానే అన్న నియమం వల్ల, గతంలో అక్కచెల్లెళ్ల మధ్య జరిగిన అండదానానికి దారి మూసుకుపోయిందని ఎక్కువమంది అర్థం చేస్తున్నారు. పిండానికి జన్యు పరీక్ష తెలిసిన వంశపారంపర్య వ్యాధుల కోసమే అనుమతించారు. లింగ ఎంపికకు అయిదు నుంచి పదేళ్ల జైలు, 10 నుంచి 25 లక్షల రూపాయల జరిమానా.

ఒక దాత ఒక జంటకే అన్నది ప్రపంచంలోనే కఠినమైన పరిమితుల్లో ఒకటి. బ్రిటన్‌లో అది పది కుటుంబాలు. నెదర్లాండ్స్‌లో 550 మందికి పైగా పిల్లలకు కారణమైన ఒక దాతను ఇక ఆపమని 2023 ఏప్రిల్‌లో హేగ్ కోర్టు ఆదేశించాల్సి వచ్చింది. 2012 నాటి హిందీ చిత్రం ‘విక్కీ డోనర్’, దాని తెలుగు రూపం, సుమంత్ నటించిన ‘నరుడా డోనరుడా’ (2016), ఒకే దాత ఎన్నో ఇళ్లలో పిల్లలకు కారణమవడాన్ని హాస్యంగా చూపాయి. 2021 చట్టం వచ్చాక ఆ కథలోలా బ్యాంకు నడపడం నేరమే.

ఏడు అండాల పరిమితి

అండదాత జీవితంలో ఒక్కసారే దానం చేయాలి. ఏడు అండాలకు మించి తీయకూడదు. దంపతులు ఆమె పేరిట పన్నెండు నెలల బీమా చేయించాలి. స్త్రీ శరీరాన్ని గనిలా తవ్వే పద్ధతిని ఆపడం ఈ నియమాల లక్ష్యం, అది సరైనదే. వైద్యుల అభ్యంతరం మరోచోట ఉంది. హార్మోన్లు ఇచ్చాక అండాశయాల్లో ఎన్ని ఫాలికిల్స్ పెరుగుతాయో ముందే లెక్కగట్టడం కష్టం. పది, పదిహేను పెరిగితే ఏడు తీసి మిగిలినవి వదిలేయడం దాతకు మేలు చేయదని వారు అంటున్నారు. ఏడింటిలో కొన్నే ఫలదీకరణ చెందుతాయి, అందులో కొన్నే గర్భాశయంలో నాటుకుంటాయి. ఒకసారి విఫలమైతే ఆ జంటకు మళ్లీ కొత్త దాత, మళ్లీ ఖర్చు.

దాతల కొరత పెరిగినచోట దళారీలు వస్తారు. 2022 జూన్‌లో తమిళనాడులోని ఈరోడ్‌లో పదహారేళ్ల బాలికను వయసు పెంచి, నకిలీ ఆధార్‌తో, పలుమార్లు అండాలు ఇప్పించిన కేసు బయటపడింది. తిరుపతిలోని ఒక ఆసుపత్రి కూడా విచారణలో ప్రస్తావనకు వచ్చింది. ఆధార్ నంబరు రాసుకోవడం వేరు, ఆ కార్డు ఆ మనిషిదేనా అని సరిచూడటం వేరు. ఆ బాలిక విషయంలో చట్టం దాతగా చూసిన మనిషే నిజానికి రక్షణ పొందాల్సిన శిశువు.

తెలుగు రాష్ట్రాల్లో అమలు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం సంతాన సాఫల్య కేంద్రాలకు పేరున్న నగరాలు. దాదాపు అన్నీ ప్రైవేటువే. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ కేంద్రం ప్రారంభమైంది. 2025 జూలైలో సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు కేంద్రంపై కేసు నమోదైంది. సరోగసీ ద్వారా పుట్టాడంటూ ఒక జంటకు ఇచ్చిన మగబిడ్డకు డీఎన్‌ఏ పరీక్షలో వారితో సంబంధం లేదని తేలింది. ఆ బిడ్డను మరో పేద జంట నుంచి డబ్బిచ్చి తెచ్చారన్నది పోలీసుల ఆరోపణ. తర్వాత ఇలాంటి ఫిర్యాదులు మరికొన్ని వచ్చాయి. దంపతులు సొంతంగా డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోవడం వల్లనే ఇది బయటపడింది. కేంద్రం ఇచ్చిన కాగితాల్లో రాసింది నిజమో కాదో చూసే వ్యవస్థ వాళ్లకు మరొకటి దొరకలేదు.

శిశువు హక్కులు

తల్లిదండ్రులు: భారత చట్టం 31వ సెక్షన్ ప్రకారం సహాయక పద్ధతిలో పుట్టిన బిడ్డ ఆ దంపతుల జీవసంబంధమైన బిడ్డే. మామూలు బిడ్డకు ఉండే అన్ని హక్కులూ, ఆస్తి వారసత్వంతో సహా, ఆ దంపతుల నుంచే లభిస్తాయి. తల్లిదండ్రులకుండే హక్కులన్నీ దాత వదులుకోవాలి. బిడ్డను వదిలేయడం, కాదనడం, దోపిడీ చేయడం నేరం. తొలిసారికి అయిదు నుంచి పది లక్షల రూపాయల జరిమానా, మళ్లీ చేస్తే మూడు నుంచి ఎనిమిదేళ్ల జైలు, 10 నుంచి 20 లక్షల జరిమానా. సెక్షన్ మాటల్లో ‘దంపతులు’ అనే ఉంది. అదే చట్టం ప్రకారం చికిత్స పొందిన ఒంటరి మహిళ బిడ్డ గురించి అక్కడ విడిగా రాయలేదు. వివాహం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ భర్త బిడ్డేనన్న పాత సూత్రం భారతీయ సాక్ష్య అధినియమం 2023లో 116వ సెక్షన్‌గా ఉంది. తల్లిదండ్రుల తగవులో బిడ్డపై అనవసరంగా డీఎన్‌ఏ పరీక్ష రుద్దకూడదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. దాత వీర్యంతో పుట్టిన బిడ్డకు ఈ రక్షణ మరింత అవసరం.

మూలాలు తెలుసుకోవడం: బాలల ఒడంబడిక 7వ అధికరణం, వీలైనంతవరకు తల్లిదండ్రులను తెలుసుకునే హక్కు బిడ్డకు ఉందంటుంది. 8వది గుర్తింపును కాపాడుకునే హక్కు. భారతదేశం ఈ ఒడంబడికను 1992 డిసెంబర్ 11న ఆమోదించింది. 2021 చట్టంలో బిడ్డ ఎదిగాక దాత వివరాలు అడిగే మార్గం లేదు. 2005 మార్గదర్శకాలు, పేరు, చిరునామా మినహా మిగిలిన సమాచారం 18 ఏళ్లు నిండాక అడగవచ్చన్నాయి. బిడ్డ ఆరోగ్యానికి అవసరమైన వైద్య, జన్యు సమాచారంపై హక్కు ఉందనీ చెప్పాయి. చట్టం వచ్చాక ఈ విషయంలో బిడ్డ స్థితి మార్గదర్శకాలకంటే వెనక్కు పోయింది. పోల్చి చూస్తే, దత్తత పిల్లలకు 2022 దత్తత నిబంధనల్లో మూలాల అన్వేషణకు దారి ఉంది. రెండు సందర్భాల్లోనూ బిడ్డ అడిగే ప్రశ్న ఒకటే. ఒకరికి ప్రభుత్వ సంస్థ తోడు ఉంటుంది, మరొకరికి ఏదీ ఉండదు.

ఇతర దేశాలు: 1985 మార్చి 1న అమల్లోకి వచ్చిన స్వీడన్ చట్టం బిడ్డకు దాత ఎవరో తెలుసుకునే హక్కిచ్చిన తొలి చట్టం. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 తర్వాతి దాతలకు అజ్ఞాతం లేదు. ఆ తరం పిల్లలు 2023 నుంచి 18 ఏళ్లకు చేరుతున్నారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా 2017 మార్చి 1 నుంచి పాత దాతల వివరాలనూ తెరిచింది. జర్మనీ 2018లో వీర్యదాతల రిజిస్టరు పెట్టి సమాచారాన్ని 110 ఏళ్లు ఉంచమంది. ఫ్రాన్స్ 2022 సెప్టెంబర్ 1 నుంచి, గుర్తింపు వెల్లడికి ఒప్పుకున్న వారినే కొత్త దాతలుగా తీసుకుంటోంది. పాత దాతల విషయంలో ఫ్రాన్స్ తప్పు చేయలేదని 2023 సెప్టెంబర్ 7న ఐరోపా మానవ హక్కుల కోర్టు తీర్పు చెప్పింది. అజ్ఞాతం పోతే దాతలు తగ్గుతారన్న వాదన ప్రతిచోటా వినిపించింది. మరోవైపు, ఇంటికే పంపే డీఎన్‌ఏ కిట్లు వచ్చాక ఏ బ్యాంకూ అజ్ఞాతానికి హామీ ఇవ్వగల స్థితిలో లేదు.

రికార్డులు: భారత చట్టం 23వ సెక్షన్ ప్రకారం కేంద్రాలు, బ్యాంకులు రికార్డులను కనీసం పదేళ్లు ఉంచి, తర్వాత కేంద్ర డేటాబేస్‌కు అప్పగించాలి. చట్టం అమలైన కొత్తలో దాత సహాయంతో గర్భం దాల్చినవారి పిల్లలకు 2040 చివర నుంచి 18 ఏళ్లు నిండుతాయి. వారికి సంబంధించిన కాగితాలు 2032 నుంచే ఆసుపత్రుల చేతుల్లోంచి కేంద్ర డేటాబేస్‌లోకి వెళ్లడం మొదలవుతుంది. అందులో దాత ఆధార్ నంబరు, పరీక్షా ఫలితాలు ఉంటాయి. దాతకు తర్వాతి కాలంలో వ్యాధి బయటపడితే అక్కడ చేర్చాల్సిన బాధ్యత ఎవరిది, దాన్ని బిడ్డకు చేరవేసేది ఎవరు అన్నదానిపై 2022 నిబంధనల్లోనూ ఏర్పాటు కనిపించదు.